ఐసో, ఈక్వి పదాల బుక్‌లెట్: కొనొచ్చు, పక్కన ఎర్ర పెన్ను ఉంచుకోవాలి

తిరుపతి బాలాజీ కాలనీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో నీట్, ఈఏపీసెట్ నోట్సుల మధ్య ఒక సన్నటి స్పైరల్ బుక్‌లెట్ దొరుకుతోంది. అందులో ఉన్నదంతా 'సమానం' అనే అర్థమిచ్చే ఐసో, ఈక్వి ముక్కలతో మొదలయ్యే ఇంగ్లిష్ పదాలే. ఒక వైపు ఇంగ్లిష్ పదం, పక్కన తెలుగు లిపిలో దాని ఉచ్చారణ, ఎదురుగా తెలుగు అర్థం, కింద ఒక ఉదాహరణ. వెల 60 రూపాయలు, గోడకు అంటించే చార్టు విడిగా 30. రాసినవాళ్ల పేరు గానీ ముద్రించిన సంవత్సరం గానీ ఎక్కడా లేవు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో పడ్డ పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. గ్రీకు ఐసోస్, లాటిన్ ఈక్వస్ రెండూ మన 'సమ' చేసే పనే చేస్తాయి. బుక్‌లెట్ కూడా తెలిసిన చోటి నుంచే మొదలైంది. సమద్విబాహు త్రిభుజం తెలిసిన పిల్లకు ఐసోసిలిస్ కొత్త పదం కాదు. స్కెలోస్ అంటే కాలు, రెండు కాళ్లూ సమానమన్నమాట. స్పెల్లింగులో ఎస్ తర్వాత వచ్చే సీ పలకదు, పరీక్షలో ఎగిరిపోయేదీ అదే. ఆ అక్షరం కింద గీత గీసి చూపించారు. పక్కనే సమబాహు త్రిభుజం, ఈక్విలేటరల్. సమబాహు త్రిభుజం సమద్విబాహు కూడా అవుతుందన్న మాట మాత్రం రాయలేదు. ఒప్పు-తప్పు ప్రశ్నల్లో ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే.

అసలు లోపం వేరే. 'సమ' అంటే సమానం అని తెలుస్తుంది, ఏది సమానమో తెలియదు. ఆ సంగతి చెప్పేది పదంలోని రెండో సగం: టోపోస్ స్థానం, బారోస్ బరువు, మెరోస్ భాగం, థెర్మే వేడి. కెమిస్ట్రీ పేజీల్లో ఈ రెండో సగాలు విడదీసి ఇచ్చారు, ఫిజిక్స్‌కు వచ్చేసరికి మానేశారు. కొన్న రోజే ప్రతి పేజీ అంచున రెండు గడులు గీసుకుని 'ఏది సమం', 'ఏది వేరు' అని రాసుకుంటే బుక్‌లెట్ విలువ రెట్టింపవుతుంది. రెండో గడి ఇంకా ముఖ్యం. ఎందుకంటే అన్నీ సమానమైతే ఆ పదంతో పనే లేదు.

కెమిస్ట్రీ భాగమే అన్నిటికంటే బాగుంది. ఐసోటోపులు అంటే ప్రోటాన్లు సమం, న్యూట్రాన్లు వేరు. 1913లో ఫ్రెడరిక్ సాడీకి ఈ పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరు. ఆవర్తన పట్టికలో ఒకే స్థానంలో కూర్చుంటాయి కాబట్టి సమస్థానకాలు అన్న తెలుగు పేరు అతికినట్టు సరిపోయింది. ఐసోబార్‌లకు ఆర్గాన్-40, పొటాషియం-40, కాల్షియం-40 ఇచ్చారు. ప్రోటాన్లు 18, 19, 20, న్యూట్రాన్లు 22, 21, 20, మొత్తం మూడింటికీ 40. ఐసోటోన్‌లకు కార్బన్-14, నైట్రోజన్-15, ఆక్సిజన్-16, అన్నింటిలోనూ 8 న్యూట్రాన్లు. ఐసోటోప్‌లో 'పి' ప్రోటాన్‌ను, ఐసోటోన్‌లో 'ఎన్' న్యూట్రాన్‌ను, ఐసోబార్‌లో 'ఏ' ద్రవ్యరాశి సంఖ్యను గుర్తుచేస్తాయన్న చిట్కా కూడా ఉంది. దీన్ని చవకబారు చిట్కా అని తీసిపారేయక్కర్లేదు. ఐసోటోప్‌లోని 'పి' తీసి 'ఎన్' పెట్టే 1934లో ఐసోటోన్ అన్న పేరు కట్టారు.

ఐసోఎలక్ట్రానిక్ పేజీలో 10 ఎలక్ట్రాన్ల వరస సరిగ్గానే ఉంది: నైట్రైడ్, ఆక్సైడ్, ఫ్లోరైడ్ అయాన్లు, నియాన్, ఆపైన సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం అయాన్లు. పరీక్షలో అడిగేది మాత్రం పరిమాణాల వరస. ఎలక్ట్రాన్లు సమానమైనప్పుడు కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ లాగుడు పెరిగి అయాన్ చిన్నదవుతుంది. నైట్రైడ్ అన్నిటికంటే పెద్దది, అల్యూమినియం అయాన్ అన్నిటికంటే చిన్నది. ఈ రెండు వాక్యాలు అక్కడ లేవు, రాసుకోవాలి.

ఐసోమర్ దగ్గర ఇథనాల్, డైమిథైల్ ఈథర్ ఇచ్చారు. పరమాణువులు అవే, లెక్కా అదే, అమరిక వేరు. మరిగే ఉష్ణోగ్రతలు కూడా ఇచ్చి ఉంటే ఆ తేడా ఎంతటిదో తెలిసేది. ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఈథర్ మైనస్ 24 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఈథర్‌కు లేని హైడ్రోజన్ బంధం ఇథనాల్‌కు ఉంది. కేంద్రక ఐసోమర్‌ల ఊసే లేదు. స్కాన్లకు వాడే టెక్నీషియం-99ఎం అటువంటిది. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ అన్నీ సమానమే, శక్తి స్థాయి ఒక్కటే వేరు. అర్ధాయువు 6 గంటలు.

ఐసోబార్‌కు ఉన్న రెండో అర్థం దగ్గర బుక్‌లెట్ తడబడింది. కేంద్రకాల ఐసోబార్‌కూ వాతావరణ పటంలోని ఐసోబార్‌కూ ఒకే 'సమభార' రాసి వదిలేశారు. పటం మీది భారం గాలి పీడనం, కేంద్రకంలోది ద్రవ్యరాశి సంఖ్య. పైగా పటంలో గీసేది ఊళ్లలో కొలిచిన అంకె యథాతథంగా కాదు, సముద్రమట్టానికి సవరించిన పీడనం. నేలకు దగ్గర్లో ప్రతి 8, 9 మీటర్ల ఎత్తుకూ సుమారు 1 హెక్టోపాస్కల్ చొప్పున పీడనం తగ్గుతుంది. కొండ మీద తిరుమలలోని బారోమీటరు, కింద తిరుపతిలోని బారోమీటరు ఒకే నిమిషంలో చూసినా పదుల హెక్టోపాస్కళ్ల తేడా వస్తుంది. సవరించకుండా గీస్తే సమభార రేఖలు శేషాచలం కొండల ఆకారాన్ని చూపిస్తాయి తప్ప బంగాళాఖాతంలోని వాయుగుండాన్ని చూపించవు. రేఖలు దగ్గరదగ్గరగా ఉంటే గాలి జోరు ఎక్కువ. ఇది బుక్‌లెట్‌లో ఉంది, మంచి బొమ్మతో సహా.

భూగోళం పేజీల్లో మిగతావి గ్రూప్స్ రాసేవాళ్లకు సరిపోతాయి. ఐసోథెర్మ్ సమోష్ణ రేఖ, 1817లో హంబోల్ట్ మొదలుపెట్టిన పద్ధతి. ఐసోహయెట్ సమవర్షపాత రేఖ, ఐసోహేలైన్ ఉప్పదనానికి, ఐసోబాత్ లోతుకు, ఐసోసైస్మల్ భూకంప తీవ్రతకు. ఐసోహయెట్‌కు ఉదాహరణగా చిరపుంజి ఎందుకో అర్థం కాదు. సత్యవేడు వైపు నుంచి మదనపల్లె వైపు పడమరగా వెళ్తే ఈశాన్య రుతుపవనాల వాన ఎలా తగ్గుతూ పోతుందో మన పాత చిత్తూరు జిల్లా పటం మీదే చూపించవచ్చు. ఐసోగ్లాస్ అసలే లేదు. ఒక మాట వాడే ప్రాంతానికీ వాడని ప్రాంతానికీ మధ్య గీసే గీత అది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పం ఉన్న ఆ పాత జిల్లా పిల్లలకు అమ్మే బుక్‌లెట్‌లో లేకపోవడం వింతే.

ఫిజిక్స్‌లో నాలుగు ప్రక్రియల పట్టిక ఉంది. ఐసోథెర్మల్‌లో ఉష్ణోగ్రత, ఐసోబారిక్‌లో పీడనం, ఐసోకోరిక్‌లో ఘనపరిమాణం, ఐసెంట్రోపిక్‌లో ఎంట్రోపీ మారవు. ఐసోకోరిక్‌లో పని సున్నా అన్నది సరే. ఐసోథెర్మల్ ఎదురుగా 'వేడి మారదు' అని అచ్చు వేశారు. ఇది కొట్టేయాల్సిన వాక్యం. మారనిది ఉష్ణోగ్రత. ఆదర్శ వాయువు వ్యాకోచించి పని చేస్తుంటే అంతే వేడి బయటి నుంచి లోపలికి రావాలి. అందుకే గోడలు వేడిని పోనిచ్చేవిగా ఉండాలి, ప్రక్రియ నెమ్మదిగా జరగాలి. వేడి రాకపోకలు లేనిది అడయబాటిక్. పీడనం, ఘనపరిమాణాల (పీ-వీ) గ్రాఫు మీద అడయబాటిక్ గీత ఐసోథెర్మల్ కంటే గామా (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) రెట్లు నిటారుగా దిగుతుంది. ఈ ఒక్క తప్పు సరిదిద్దకుండా చదివితే ఆ పాఠంలో సగం లెక్కలు తిరగబడతాయి.

దాని కిందే ఇంకా పెద్ద పొరపాటు: ఐసోలేటెడ్ సిస్టమ్‌ను ఐసో పదాల్లో చేర్చేశారు. ఆ పదానికీ ఐసోస్‌కూ చుట్టరికం లేదు. లాటిన్‌లో దీవిని ఇన్సులా అంటారు, ఇటాలియన్ మీదుగా వచ్చి ఐసోలేట్ అయింది. విడిగా పెట్టినది అని అర్థం. మన వివిక్త వ్యవస్థ అన్న మాట దానికి సరిగ్గా సరిపోతుంది. పిల్లలకు చెప్పడం కష్టమేమీ కాదు. సమస్య, సమయం, సమాసం కూడా 'సమ'తో మొదలవుతున్నట్టే కనిపిస్తాయి, కానీ వాటిలో ఉన్నది సమానమనే సమ కాదు, సమ్ ఉపసర్గ. ఈక్వి వైపు కూడా ఇదే తంతు. ఈక్విలిబ్రియం, ఈక్విడిస్టెంట్, ఈక్వివలెంట్ సమానపు కుటుంబమే. ఈక్వైన్, ఈక్వెస్ట్రియన్ గుర్రానికి సంబంధించినవి, లాటిన్‌లో గుర్రం ఈక్వుస్. బోటనీలో వచ్చే ఈక్విసిటమ్ అంటే గుర్రపు వెంట్రుక. బుక్‌లెట్ దాన్ని 'సమాన కణుపుల మొక్క' అని కనిపెట్టింది! ఈక్విప్‌మెంట్ ఈ రెండింటిలో దేనికీ చెందదు.

ఈక్వినాక్స్ (విషువత్తు) దగ్గర 'పగలు రాత్రి సరిగ్గా 12 గంటలు' అని ఉంది. పదం చెప్పేది అదే, ఆకాశంలో జరిగేది కొంచెం వేరు. సూర్యుడి పై అంచు కనబడగానే సూర్యోదయం లెక్క, వాతావరణం కాంతిని వంచి సూర్యుణ్ని కాస్త ముందే చూపిస్తుంది. తిరుపతి అక్షాంశం దగ్గర విషువత్తు రోజున పగలు 12 గంటల కంటే సుమారు 7 నిమిషాలు ఎక్కువ ఉంటుంది.

నర్సింగ్, ఫార్మసీ వాళ్లు ఐసోటోనిక్ పేజీ జాగ్రత్తగా చూడాలి. సెలైన్ 0.9 శాతం, అంటే లీటరుకు 9 గ్రాముల ఉప్పు, 500 మిల్లీలీటర్ల సీసాలో 4.5 గ్రాములు. ఇది సరే. మామూలు నీళ్లలో ఎర్ర రక్తకణాలు ఉబ్బి పగులుతాయి, చిక్కటి ఉప్పునీళ్లలో ముడుచుకుపోతాయి. ఇదీ సరే. ఓఆర్‌ఎస్‌ను కూడా ఐసోటోనిక్ అన్నారు, అది పాత మాట. ఇప్పుడు వాడే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా లీటరుకు 245 మిల్లీ ఆస్మోల్ (కరిగిన రేణువుల కొలత), రక్తం 285 నుంచి 295 మధ్య. కావాలనే తగ్గించారు, పేగు నీటిని బాగా పీల్చుకుంటుందని. పాతది 311 ఉండేది. ఐసోటోనిక్, ఐసోఆస్మోటిక్ ఒకటేనని రాయడం మరో తప్పు. సుమారు 1.8 శాతం యూరియా ద్రావణంలో కరిగిన రేణువుల సంఖ్య రక్తంతో సమానం (ఐసోఆస్మోటిక్ అంటే అదే), అయినా ఎర్ర కణాలు అందులో పగిలిపోతాయి. యూరియా పొరను దాటి లోపలికి పోతుంది, వెనకే నీరూ పోతుంది. ఐసోటోనిక్ అనాలంటే కణం పరిమాణం మారకూడదు.

పాలిటెక్నిక్ పిల్లల కోసం ఐసోమెట్రిక్ డ్రాయింగు రెండు పేజీలు. రెండు అక్షాలు అడ్డగీతకు 30 డిగ్రీల్లో, మూడోది నిలువు, మూడింటి మధ్యా 120 డిగ్రీలు. ఐసోమెట్రిక్ స్కేలు 0.816, అంటే 100 మిల్లీమీటర్లు సుమారు 82 అవుతాయి. గోళం సంగతి తప్పింది. ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో మిగతా కొలతలన్నీ స్కేలుతో తగ్గించినా గోళాన్ని అసలు వ్యాసార్ధంతోనే గీయాలి, ఎటు నుంచి చూసినా గోళం అంతే కనిపిస్తుంది కాబట్టి. బుక్‌లెట్ దాన్నీ తగ్గించింది.

బయాలజీ ఒకటిన్నర పేజీ, పేరుకే. ఐసోగమీ (కలిసే బీజకణాలు రెండూ ఒకేలా ఉండటం), ఐసోబైలేటరల్ ఆకు (రెండు వైపులా ఒకేలా ఉండేది) ఉన్నాయి, చాలు. చెదపురుగుల గణం ఐసాప్టెరా, రెండు జతల రెక్కలూ సమానం కాబట్టి ఆ పేరు. ఇప్పుడు వాటిని బొద్దింకల గణంలో కలిపేశారు.

చార్టు అక్కర్లేదు. ఐసోలేట్, ఈక్విసిటమ్ తప్పులు దాని మీద ఇంకా పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, గోడ మీద రోజూ చూస్తే అవే నిలిచిపోతాయి. బుక్‌లెట్ తీసుకునే ముందు ఐసోటోపుల పేజీ తిప్పి చూడండి. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన కాపీల్లో మూలకం పైన ఉండే చిన్న అంకెలు మాసిపోయి క్లోరిన్-35, క్లోరిన్-37 ఒకేలా కనిపిస్తున్నాయి. అలా ఉంటే షాపులోనే ఇంకో కాపీ అడగాలి. స్పైరల్ కోసం కొట్టిన రంధ్రాలు కొన్ని కాపీల్లో మొదటి అక్షరాన్ని మింగేశాయి, అదీ చూసుకోవాలి.