సిల్వర్ ఈగిల్ నాణేలకు గ్రేడింగ్ చేయించాలా? ఏళ్లుగా పంపుతున్న అనుభవంతో

అమెరికాలో ఉంటూ సిల్వర్ ఈగిల్ నాణేలు (అక్కడి ప్రభుత్వ టంకశాల అచ్చువేసే ఒక ఔన్సు వెండి నాణేలు) కూడబెట్టడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. ఎన్‌జీసీకి, పీసీజీఎస్‌కి రెండు గ్రేడింగ్ కంపెనీలకీ నాణేలు పంపుతూ వచ్చాను. నాణెం ఎంత బాగుందో చూసి, దానికో అంకె వేసి, ప్లాస్టిక్ కేసులో సీలు చేసి ఇవ్వడమే గ్రేడింగ్. కొత్తగా ఇందులోకి దిగిన మనవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "అన్నా, పంపిస్తే గిట్టుబాటవుతుందా?" ఈమధ్య సంవత్సరాల నాణెమైతే చాలావరకు వద్దనే చెబుతాను.

గ్రేడు 1 నుంచి 70 దాకా ఉంటుంది. 5 రెట్లు పెద్దది చేసి చూసినా, అచ్చు పడ్డాక తగిలిన దెబ్బ గానీ గీత గానీ కనపడకపోతేనే 70 ఇస్తారు. టంకశాల నుంచి నేరుగా వచ్చిన ఈగిల్‌కి 69 రావడం మామూలే. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు సంవత్సరం ప్రూఫ్ నాణెం (సేకరించేవాళ్ల కోసం అద్దంలా మెరిసేలా అచ్చువేసింది) 69 గ్రేడుతో అమ్మబోతే, గ్రేడు వేయించకుండా పెట్టెలో ఉంచిన విడి నాణేనికి వచ్చే ధరే దాదాపుగా వస్తుంది. పంపడానికి పెట్టిన ఖర్చు వెనక్కి రాదు.

ఆ ఖర్చు కూడా ఫీజుతో తెమలదు. నాణేనికి సుమారు 20 డాలర్ల పైన ఫీజు, ప్రతి ఆర్డరుకీ హ్యాండ్లింగ్ ఛార్జీ, పోనూ రానూ ఇన్సూరెన్సుతో పోస్టేజీ, నేరుగా పంపాలంటే ఏడాది మెంబర్‌షిప్. నాలుగైదు నాణేలు పంపితే ఒక్కోదానికి 40 డాలర్లు ఇట్టే దాటిపోతుంది. అందుకే నేను వేసుకునే లెక్క సూటిగా ఉంటుంది: 69 వచ్చినా నష్టం లేదనిపిస్తేనే పంపుతాను. 70 వస్తుందన్న ఆశ మీద మాత్రం పంపను.

పంపేముందు ఇంట్లోనే గట్టిగా వడపోయాలి. గదిలో లైట్లన్నీ ఆపేసి ఒక్క టేబుల్ ల్యాంపు ఉంచుతాను. చేతికి నూలు గ్లౌజులు వేసుకుని, నాణేన్ని అంచులతో పట్టుకుని మెల్లగా వంచుతూ చూస్తాను. ప్రూఫ్‌లో ముందు చూడాల్సింది బొమ్మని కాదు, బొమ్మ చుట్టూ అద్దంలా ఉండే ఖాళీ భాగాన్ని. లిబర్టీ చాపిన చేతికి కింద, సూర్యకిరణాలకు పైన ఉన్న చోట సన్నటి వెంట్రుక గీతలు ఉంటే వెలుగు ఒక కోణంలో పడినప్పుడే బయటపడతాయి, కాస్త తిప్పితే మాయమవుతాయి. ఆ తర్వాత భూతద్దంతో అంచు చుట్టూ చూడాలి. గద్ద వైపు రెక్కల మీది తెల్లటి ఫ్రాస్టింగ్‌లో ఎక్కడైనా మెరిసే చుక్క ఉందంటే, అక్కడేదో తగిలిందన్నమాట. ఇంత చూశాక మిగిలేవి కొన్నే.

పెద్ద డీలర్లు నాణేలు వేలకొద్దీ పంపుతూ, 70 వచ్చినవే ప్లాస్టిక్ కేసులో పెట్టి మిగతావి విడిగా తిరిగి ఇచ్చేయమని చెప్పే పద్ధతి ఒకటుంది. అలా తిరిగొచ్చినవి కూడా బజార్లో విడి నాణేలుగానే అమ్ముడవుతాయి. కాబట్టి ఎవరి దగ్గరో కొన్న విడి ఈగిల్‌ని 70 కోసం పంపుతున్నానని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. అది ఒకసారి అక్కడికి వెళ్లి వచ్చిందే కావచ్చు.

పాలమచ్చల సంగతి ఇంకా ఘోరం. కొత్త వెండి నాణేల మీద నెలలో, ఏళ్లో గడిచాక పాల చుక్కల్లా తెల్లటి మచ్చలు తేలతాయి. 70 గ్రేడుతో సీలు చేసిన కేసులో ఉన్నా తేలతాయి. అలా నా ఈగిల్ ఒకటి పాడైంది. పంపినప్పుడు దాని మీద చుక్క కూడా లేదు. గ్రేడింగ్ కంపెనీల గ్యారంటీ సాధారణంగా ఈ మచ్చలకు వర్తించదు. ఇక ఎర్లీ రిలీజెస్, ఫస్ట్ స్ట్రైక్ లేబుళ్ల కోసం పైసా ఎక్కువ పెట్టకండి. విడుదలైన మొదటి 30 రోజుల్లో చేతికి అందినవని దాని అర్థం, అంతేగానీ అచ్చులోంచి ముందుగా వచ్చినవని కాదు.

మరి ఎప్పుడు పంపాలి? 1995లో వెస్ట్ పాయింట్ టంకశాలలో అచ్చైన ప్రూఫ్ లాంటిది చేతిలో ఉంటే ఆలోచించకుండా పంపండి. ఈగిల్ నాణేల పదో వార్షికోత్సవం బంగారు సెట్టు కొన్నవాళ్లకే అది ఇచ్చారు. మొత్తం 30,125 మాత్రమే. దానికి ఒక్క పాయింటు తేడా వచ్చినా ధర బాగా మారిపోతుంది, పైగా అసలుదేనన్న రుజువు కొనేవాడికి కావాలి. అదే 1986 ప్రూఫ్ అయితే 14 లక్షలకు పైగా చేశారు. దాన్ని పెట్టెలోనే ఉంచుకోండి.

2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం గురించీ మనవాళ్లు అడుగుతుంటారు. హైదరాబాద్ టంకశాలలో తయారైంది, 44 మిల్లీమీటర్లు, సగం వెండి, 40 శాతం రాగి. రాగి అంత ఉంది కాబట్టి రంగు మారే అవకాశం ఎక్కువ. అభిమానంతో కొనుక్కున్న నాణెం అది. ప్యాక్ విప్పకుండా తేమ తగలని చోట దాచుకుంటే చాలు, సముద్రాలు దాటించి గ్రేడు వేయించాల్సిన పని లేదు. పండక్కి వెండి సామాను తోమినట్టు విబూదితోనో చింతపండుతోనో దాన్ని మాత్రం రుద్దొద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. అలా తోమిన నాణేనికి అంకె ఇవ్వరు, క్లీన్ చేశారని రాసి వెనక్కి పంపేస్తారు.

అమ్మే ఆలోచన లేకుండా ఇష్టంగా దాచుకునేవాళ్లకు మంచి గాలి చొరబడని క్యాప్సూల్ సరిపోతుంది. గ్రేడైన నాణెం కొనేటప్పుడు కేసు మీది నంబరుని ఆ కంపెనీ సైట్లో కొట్టి, అక్కడ ఫోటో ఉంటే దానితో చేతిలోని నాణేన్ని పోల్చుకోండి. నకిలీ కేసులూ తిరుగుతున్నాయి. 2021 మధ్యలో డిజైన్ మారాక వచ్చిన ఈగిల్ అయితే, అంచు గీతల్లో ఒకచోట గీత లేకుండా వదిలేసి ఉంటారు. విడి నాణెం కొనేటప్పుడు డబ్బు ఇచ్చేముందు ఆ ఖాళీ ఉందో లేదో చూసుకోండి.