కెగ్గు ఫ్రిజ్: ఇంటికి తాళం వేసి వెళ్లేవారి కోసం ఒక సమీక్ష

విదేశాల్లో ఇళ్లలో బీరు నిల్వ చేసుకొని కుళాయి తిప్పి పట్టుకోవడానికి వాడే కెగ్గు ఫ్రిజ్‌ను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా ఇంట్లో కేవలం సోడా కోసం పెట్టించుకొన్నాము. ఇందులో ఉండే 19 లీటర్ల స్టీలు కెగ్గులు, అంటే గట్టి మూతగల పీపాలు, మొదట శీతల పానీయాల కంపెనీలు పాకం సరఫరా చేసేందుకు వాడినవే కనుక సోడాకు ఇవి కొత్తేమీ కాదు. సిలిండరు నుంచి కెగ్గులోకి పంపే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌కు బీరుకైతే 10 నుంచి 12 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి సరిపోతుంది, సోడాకు 3, 4 డిగ్రీల చల్లదనంలో 30 దాకా పెడితే గోలీసోడాకు దీటైన ఘాటు వస్తుంది. పొదలకూరు నిమ్మకాయ పిండుకొని తాగితే రుచికి వంక పెట్టలేము.

అయితే పెళ్లిళ్లకో తీర్థయాత్రకో ఇల్లు వదిలి వెళ్లేవారికి రుచి కన్నా ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: మనిషి లేనప్పుడు ఈ యంత్రం ఎలా ఉంటుంది? ఈ విషయంలో కెగ్గుకు పూర్తి మార్కులు వేస్తాను. గ్యాస్ ట్యూబును, సోడా ట్యూబును ఊడదీయగానే లోపలి స్ప్రింగు వాల్వులు వాటంతటవే మూసుకొంటాయి కాబట్టి, మూత వాషరు బాగున్నంత వరకు లోపలి ఒత్తిడి అలాగే నిలుస్తుంది. బలహీనత అంతా కుళాయిలోనే ఉంది. అది చుక్క చుక్కగా కారినా, వెనుక గ్యాస్ తోస్తూనే ఉంటుంది కనుక కెగ్గంతా ఫ్రిజ్ అడుగున చేరుతుంది. అందుచేత ప్రయాణానికి ముందు ట్యూబులు రెండూ తీసివేసి, సిలిండరు వాల్వును పూర్తిగా బిగించడం తప్పనిసరి.

సిలిండరును ఫ్రిజ్ వెనుక బయట తగిలించే ఏర్పాటు మాత్రం మన ఎండలకు తగినది కాదు. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడిలోనూ ద్రవంగా నిలవదు. ఆపైన వేడి పెరిగే కొద్దీ సిలిండరులో ఒత్తిడి వేగంగా ఎక్కుతుంది. రోహిణి కార్తెలో మూసి ఉంచిన ఇంట్లో వేడి ఎంతుంటుందో మనకు తెలియనిది కాదు. మేము సిలిండరును ఫ్రిజ్ లోపలికే మార్చుకొన్నాము. ఇంకొక సంగతి, సిలిండరులో ద్రవం ఉన్నంత వరకు ఒత్తిడి చూపే మీటరు ముల్లు చల్లదనాన్ని, వేడిని బట్టి కదులుతుందే తప్ప ఎంత గ్యాస్ మిగిలిందో చెప్పదు. తూకం వేసి చూడటమే సరైన పద్ధతి. వెళ్లేముందు, వచ్చాక తూచితే లీకు ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది.

తుపాను రోజుల్లో కరెంటు పోయి వచ్చాక ఈ ఫ్రిజ్ పాత అమరికతోనే తిరిగి మొదలవుతుంది. డిజిటల్ మీటరున్న కొన్ని ఫ్రిజ్‌లు ఆగిపోయినవి ఆగిపోయినట్టే ఉంటాయి కనుక కొనేముందు దుకాణంలోనే ప్లగ్గు తీసి పెట్టి పరీక్షించుకోవాలి. చల్లదనం పోతే చక్కెర కలిపిన పానీయం పులిసి కెగ్గులో ఒత్తిడి పెంచుతుంది. కాబట్టి ఊరెళ్లేటప్పుడు కెగ్గులో ఉత్త సోడాయే ఉండాలి, నన్నారి పాకమైనా నిమ్మరసమైనా గ్లాసులోనే కలుపుకోవాలి.

ఈ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎక్కడా కనిపించని ముఖ్యమైన హెచ్చరిక ఒకటుంది. 2 కిలోల గ్యాస్ మొత్తం కారితే సుమారు 1,100 లీటర్లవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లున్న మూసిన గదిలో అది గాలిలో దాదాపు 4 శాతానికి చేరి ప్రాణాపాయం తేగలదు. దానికి రంగు లేదు, వాసన చెప్పుకోదగినంత ఉండదు, గాలి కన్నా బరువు కనుక నేల దగ్గర నిలుస్తుంది. ఊరి నుంచి రాగానే పిల్లల్ని లోపలికి పంపకుండా తలుపులు, కిటికీలు తెరిచి, గాలి ఆడనిచ్చిన తర్వాతే ఫ్రిజ్ తలుపు తీయాలి. అమ్మేవారు ఈ ఒక్క సూచననైనా తెలుగులో అచ్చు వేసి సిలిండరుకే అంటించి ఇవ్వాలని గట్టిగా కోరుతున్నాను.