కోల్‌కతా టిరెట్టా బజార్ ఆదివారం టిఫిను: ఆరింటికి వెళ్తే నాలుగు స్టార్లు, ఎనిమిదింటికి వెళ్తే రెండు

ముందే చెప్పేస్తున్నా, ఇది రెండుసార్లు వెళ్ళొచ్చాక రాస్తున్న రివ్యూ. మొదటిసారే రాసుంటే రెండు స్టార్లిచ్చి, నాలుగు తిట్లు కూడా తిట్టి ఉండేదాన్ని.

మాది విశాఖపట్నం. ఏ ఊరెళ్ళినా అక్కడి చైనాటౌన్, అంటే చైనీయులు స్థిరపడ్డ పేట, చూడందే మా ఆయనకి నిద్ర పట్టదు. బ్యాంకాక్‌లో యావరాత్ చూశాం. రాత్రయితే చాలు, నియాన్ బోర్డులు, వరసగా బంగారం కొట్లు, రోడ్డు మీదే బల్లలేసి వంటలు. సింగపూర్‌లోనూ చూశాం. అక్కడ చైనాటౌన్ నడిబొడ్డునే 1827 నాటి మారియమ్మన్ గుడి ఉంది. పక్కనున్న పగోడా స్ట్రీట్‌కి ఆ పేరొచ్చింది కూడా ఈ గుడి గోపురం వల్లేనట. మా అత్తయ్య ఆ గుళ్ళో కూర్చుంటే మేం తిరగాల్సినదంతా తిరిగొచ్చాం. ఆ రెండూ టూరిస్టుల కోసం ముస్తాబై కూర్చున్న పేటలు. మనకి ఒక్క రాత్రి రైలు ప్రయాణంలో ఉన్న కోల్‌కతాకి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వెళ్ళాం.

వెళ్ళి బోల్తా పడ్డాం. కోల్‌కతాలో చైనాటౌన్లు రెండున్నాయని మాకు తెలీదు. పాతది ఊరి మధ్యలో లాల్ బజార్ దగ్గరున్న టిరెట్టా బజార్, పొద్దున్నే టిఫిన్లు దొరికేది ఇక్కడే. రెండోది తూర్పు వైపున్న ట్యాంగ్రా, అక్కడ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా రెస్టారెంట్లు. మేం క్యాబ్‌లో ‘చైనాటౌన్’ అని కొట్టి నిశ్చింతగా కూర్చున్నాం. పొద్దున ఆరున్నరకి ట్యాంగ్రాలో దిగితే అన్నీ ఇనప గేట్లు, అన్నిటికీ తాళాలు. ఒక వాచ్‌మన్ మా ముగ్గురినీ ఎగాదిగా చూసి “బారా బజే” అని మళ్ళీ మఫ్లరు చుట్టుకున్నాడు. ఇంకో బండి పట్టుకుని టిరెట్టా చేరేసరికి ఎనిమిది దాటింది. చల్లారిన మోమోలు రెండు ప్లేట్లు దొరికాయి. ఆ పక్కన కూరగాయల వాళ్ళు గోనెలు పరుస్తున్నారు. మా ఆయన మొహం చూడలేకపోయాను.

అందుకే పోయిన జనవరిలో మళ్ళీ వెళ్ళినప్పుడు అలారం అయిదింటికే పెట్టాం. ఆదివారం అంత పొద్దున్నే మెట్రో ఉండదు, దాన్ని నమ్ముకోకండి. డ్రైవర్‌కి చైనాటౌన్ అని చెప్పకండి, పక్కనున్న ‘పొద్దార్ కోర్ట్’ భవనం పేరు చెప్పండి. అక్కడివాళ్ళు ఈ బజార్‌ని ‘టెరిటీ’ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ టిరెట్టా అనే ఆయన పేరది. వీధికేమో చైనా నాయకుడు సన్ యట్-సెన్ పేరు.

ఆరుంబావుకి చూసిన బజార్ వేరు. పొడవాటి వీధేం కాదు, ఒక పార్కింగ్ స్థలమంత జాగా. అల్యూమినియం ఆవిరి పాత్రలు అంతస్తుల మీద అంతస్తులు. మన ఇడ్లీ పాత్రకి అన్నయ్యలనుకోండి. మూత తీసినప్పుడల్లా ఆ పొగలో అమ్మే మనిషి కాసేపు మాయమై మళ్ళీ కనిపిస్తుంది. అరచేతంత తెల్లటి బావోలు (లోపల కూరిన ఆవిరి బన్నులు), పల్చటి పసుపు పిండి రేకులో చుట్టిన షూమాయ్‌లు, ఎర్రగా జతలు జతలుగా వేలాడే సాసేజీలు. పోర్కు తినని వాళ్ళు నోరు తెరిచి అడగాల్సిందే, ఎక్కువ భాగం అదే. చికెన్‌వి కూడా ఉంటాయి గానీ గరిటె అదే, చెయ్యీ అదే. పట్టింపు ఉంటే ఆలోచించుకోండి.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. సగానికి పైగా బండ్ల దగ్గర అమ్మేది చైనీయులు కాదు. కొన్ని బండ్ల మీద పూరీ కూర కూడా ఉంది. వాళ్ళ మోమోలు మన బీచ్ రోడ్డులో దొరికే మోమోల్లాంటివే, వాటి కోసం రైలెక్కక్కర్లేదు. జనం గుమిగూడిన బండి కాదు, ముసలావిడ కూర్చున్న బండి వెతకండి. మేం అలాగే ఒకావిడ దగ్గర ఆగాం. స్వెట్టరు మీద ఏప్రను, ముందు రెండే గిన్నెలు. ఒకదాంట్లో ఫిష్ బాల్ సూప్, రెండోదాంట్లో నువ్వులద్దిన ఉండలు.

ఆ సూప్ గురించి రాయాలనే అసలు ఈ రివ్యూ మొదలుపెట్టాను. చారు నీళ్ళంత తేటగా ఉంది. మీద ఉల్లికాడల ముక్కలు, ఇన్ని మిరియాలు, అంతే. చూడగానే జ్వరం వచ్చినవాళ్ళకి పెట్టేదేమో అనిపించింది. చేప ఉండ కొరికితే మెత్తగా విడిపోదు, పంటి కింద ఎదురు తిరుగుతుంది. చేప ముద్దని గిన్నెకేసి కొట్టి కొట్టి చేస్తేనే ఆ సాగుడు వస్తుందట. నీచు వాసన లేదు. చేపల పులుసు తిని పెరిగిన దాన్ని, చింతపండూ కారమూ లేకుండా చేప ఇంత బాగుంటుందని ఒప్పుకోడానికి నాకు రెండో గిన్నె దాకా పట్టింది. ఆవిడ నా గిన్నె ఖాళీ కాకముందే “ఔర్ దూఁ?” అని గరిటె ఎత్తింది.

అత్తయ్య శాకాహారి. పాపం, పొగలో నిలబడి మా కంచాలు పట్టుకుంటోంది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో ముప్ఫై ఏళ్ళున్న మనిషి కాబట్టి హిందీకి లోటు లేదు. ఆ నువ్వుల ఉండలు చూపించి ఏ నూనె, లోపల ఏముంది, అదే మూకుట్లో ఇంకేం వేయించావు అని అడ్డంగా ప్రశ్నించింది. అన్నిటికీ ఓపిగ్గా జవాబు వచ్చాక ఒకటి తీసుకుని కొరికింది. “మన బూరెలే కదమ్మాయ్, పూర్ణంలో బెల్లం దగ్గర పిసినారితనం చేశారు” అంది నాతో, తెలుగులో. ఇంకోటి తీసుకుంది.

తర్వాత వాళ్ళిద్దరూ పిల్లల గురించి మొదలుపెట్టారు. ఆవిడ కొడుకూ కూతురూ టొరంటోలో. మా మరిది కూడా అక్కడే. అక్కడి మంచు, అక్కడి అద్దెలు, ఫోను చేస్తే ఇక్కడ అర్ధరాత్రి కావడం... పది నిమిషాలు నా ఊసే లేదు. ఇక్కడి చైనీస్ కుటుంబాల్లో చాలామంది కెనడా వెళ్ళిపోయారు. దాని వెనక పెద్ద కథే ఉంది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు అస్సాం, బెంగాల్ వైపు నుంచి మూడు వేల మంది దాకా చైనీయుల్ని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు, కొందరిని ఏళ్ళ తరబడి. బయటికొచ్చాక చాలామంది ఇక్కడ ఉండలేకపోయారు. ఆవిడ అదేమీ ఎత్తలేదు, మేమూ అడగలేదు. బండి ఎవరు చూసుకుంటారు మీ తర్వాత అని అత్తయ్య అడిగితే గరిటె కడుక్కుంటూ నవ్వింది.

ఏడున్నరకి గిన్నెలు ఖాళీ. ముగ్గురికీ కలిపి 450 రూపాయలు కూడా కాలేదు.

పక్కనే ఛాతావాలా గల్లీలో 1905 నాటి సీ ఇప్ గుడి ఉంది. గుడి అంటే అక్కడెవరికీ అర్థం కాదు, ‘చైనీస్ చర్చి’ అనాలి. ఎర్రటి తలుపులు, బంగారు రంగు చెక్కుడు పని, లోపల క్వాన్ యిన్ అమ్మవారు. అత్తయ్య చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. దారిలో చెత్తకుప్ప, దాని కంపు మాత్రం భరించలేం. టాయిలెట్ లేదు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. నేనో స్టారు కోసింది దీనికే.

వచ్చేటప్పుడు పౌ చాంగ్ వాళ్ళ గ్రీన్ చిల్లీ సాస్ కొనుక్కోండి. ఇది ఇక్కడి చైనీస్ కుటుంబం పెట్టిన కంపెనీ. మన ఫాస్ట్ ఫుడ్ బండి మీది సాసులో పులుపూ రంగూ తప్ప ఏముంటుంది? ఇందులో పచ్చిమిరపకాయ రుచి తెలుస్తుంది. అన్నట్టు, మనం ప్రాణంగా తినే మంచూరియా చైనాది కాదు. కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే చైనీస్ కుక్కు 1975లో ముంబైలో కనిపెట్టాడంటారు. మంచూరియా కోసం టిరెట్టాలో వెతికి భంగపడకండి.

మధ్యాహ్నం ట్యాంగ్రా. ఒకప్పుడు అక్కడ హక్కా అనే తెగ చైనీయుల తోళ్ళ కార్ఖానాలుండేవి. కాలుష్యం వల్ల వాటిని ఊరి బయటికి తరలించమని సుప్రీంకోర్టు 1996లో చెప్పాక చాలా మటుకు బాన్‌తలా వెళ్ళిపోయాయి. మిగిలినవి రెస్టారెంట్లు. మేం తిన్న చోట ప్లేటు ఒక్కటి ఇద్దరికి సరిపోయింది. చిల్లీ చికెన్ బాగుంది, నూనె ఎక్కువ. మాకు ఇష్టమే గానీ టిరెట్టా సూప్ తాగొచ్చిన రోజు మాత్రం ఇది మొరటుగా అనిపించింది. వెజ్ నూడుల్స్‌లో అత్తయ్యకి ఒక రొయ్య కనిపించింది. వెయిటర్ తప్పయిందని మార్చి తెచ్చాడు గానీ, ఆవిడ ఇక ముట్టలేదు.

అందుకే అక్కడి చైనీస్ కాళీ గుడికి వెళ్తూ ఆవిడకి నేనే ఆశ పెట్టాను. అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెడతారు, అది శుద్ధ శాకాహారం, ప్రసాదంగా పంచుతారు అని. చిన్న గుడి, రోడ్డు పక్కనే. బెంగాలీ పూజారి, చైనా అగరొత్తులు. చెట్టు కింద రాళ్ళకి బెంగాలీలు బొట్టు పెట్టి మొక్కుతుంటే, జబ్బుపడ్డ ఒక చైనీస్ పిల్లాణ్ణి అక్కడ పడుకోబెట్టారట, నయమైందట, అలా మొదలైందని చెప్తారు. నూడుల్స్ ఉన్నాయా అని అడిగితే పూజారి తల అడ్డంగా ఊపి అత్తయ్య చేతిలో రెండు బతాసాలు పెట్టాడు.

“తెల్లవారుజామున లేపి, చలిలో నిలబెట్టి, రొయ్య పెట్టి, ఇప్పుడు బతాసాలా?” అంది అత్తయ్య క్యాబ్‌లో. కాసేపయ్యాక, ఆ టొరంటో ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నావా అని అడిగింది. నేను తీసుకోలేదు. తనే తీసుకుందని రైలెక్కాక తెలిసింది.