టెక్‌ట్రానిక్స్ 2465బి ఫ్యాన్: చప్పుడు పోయింది, గాలీ పోయింది

టెక్‌ట్రానిక్స్ 2465బి ఒక పాత ఆసిలోస్కోప్, అంటే విద్యుత్ సంకేతాల్ని తెర మీద గీతగా చూపించే పరికరం. 400 మెగాహెర్ట్జ్, నాలుగు చానళ్లు, తెర మీద పడే అంకెలు. ఈ స్కోప్ వైపు చూసేవాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చే ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. ఎనిమిదేళ్లు వాడాక చెప్పదగ్గది వెనక పలకలోని ఫ్యాన్ గురించే. ఇంకా సూటిగా చెప్పాలంటే, దాన్ని పీకేసి పెట్టే 'సైలెంట్' ఫ్యాన్ల మీద నాకున్న కచ్చ గురించి.

పాత ఫ్యాన్ చప్పుడంతా ఒకటి కాదు. దీనికి వేడిని బట్టి వేగం మారే ఏర్పాటుంది. స్విచ్ వేయగానే గొణుగుతుంది, లోపల వేడెక్కేకొద్దీ గొంతు పెంచుతుంది. అది జబ్బు కాదు, దాని పని. జబ్బో కాదో తేలాలంటే కాసేపు నడిపి స్విచ్ కట్టేసి వినండి. చప్పుడు మెల్లగా దిగిపోతూ ఆగితే అది గాలి మోత. రెక్కలు ఆగబోయే ముందు కూడా గరగర వినిపిస్తే బేరింగ్ ఎండిపోయింది. అలాంటప్పుడు ఇరుసు దగ్గర రెండు చుక్కల 32 గ్రేడ్ టర్బైన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. కుట్టు మిషన్ నూనె కూడా పనిచేస్తుంది, కానీ కొన్ని నెలలకే ఆరిపోయి దుమ్ముని పట్టుకుంటుంది. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం వద్దు. ఉన్న కాస్త నూనెనీ కడిగేసి అది ఆవిరైపోతుంది, వారం తిరిగేసరికి గరగర రెట్టింపవుతుంది. రెక్కల చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పీకొద్దు. ముప్పై ఏళ్లు దాటిన ప్లాస్టిక్, మధ్యలో పగులుతుంది.

నూనెతో పోయేదాన్ని వదిలేసి నేను ఫ్యానే మార్చాను. 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, నిమిషానికి 1400 చుట్లు. బల్ల మీద స్కోప్ నడుస్తోందో లేదో తెర చూస్తే తప్ప తెలియనంత నిశ్శబ్దం. అడిగిన వాళ్లందరికీ ఇదే పెట్టుకోమని చెప్పాను. ఆ సలహాని ఇప్పుడు సగానికి పైగా వెనక్కి తీసుకుంటున్నాను.

ఏప్రిల్ దాకా అంతా బాగుంది. గది వేడి 36 డిగ్రీలు దాటిన రోజుల్లో, స్విచ్ వేసిన గంటకి తెర అంచున అంకెలు ఒకదాని మీదకొకటి జరగడం మొదలెట్టాయి. ట్రేసు (తెర మీద సంకేతం గీసే గీత) కుడి చివర కూడా కొద్దిగా ముడుచుకుంది. పది నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే మామూలే. ట్రేసూ అంకెలూ రెండూ కలిసి పాడవుతున్నాయంటే రెండూ కలిసి వెళ్లే దారిని అనుమానించాలి. అది అడ్డం వైపు ఆంప్లిఫయర్, అంటే యూ800. ఈ స్కోప్ సంగతి తెలిసినవాళ్లకు ఆ పేరు వింటేనే గుండె జారుతుంది. మొదటి నుంచీ వేడిగా నడిచే ఐసీ అది. టెక్‌ట్రానిక్స్ తన కోసమే చేయించుకున్నది, ఇప్పుడు తయారీలో లేదు. పోతే చాలాసార్లు ఇంకో చచ్చిన స్కోప్‌లోంచే తెచ్చుకోవాల్సి వస్తుంది.

కె రకం థర్మోకపుల్‌ని (వేడి కొలిచే తీగని) ఆ ఐసీ నెత్తికి అంటించి, తీగను పక్క రంధ్రంలోంచి బయటికి లాగి, మూత పూర్తిగా బిగించి గంట నడిపితే 84 డిగ్రీలు చూపించింది. మూత బిగించడం ముఖ్యం. మూత తీసి కొలిస్తే గాలి దారే మారిపోతుంది, ఫ్యాన్‌కి దూరంగా ఉన్న భాగాల లెక్క తప్పుతుంది. మూత తీయబోయే ముందు ప్లగ్ పీకి కొన్ని నిమిషాలు ఆగండి. పవర్ సప్లై ప్రైమరీ వైపు కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది, మీటర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టాలి.

ఎందుకిలా అయింది? ఈ స్కోప్ గరిష్ఠంగా 120 వాట్లు తింటుంది, దాదాపు అంతా వేడిగానే బయటికి రావాలి. లోపలి గాలి గది కన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదనుకుంటే నిమిషానికి దాదాపు 21 ఘనపుటడుగుల గాలి కదలాలి. నేను పెట్టిన ఫ్యాన్ డబ్బా మీద 28 అని ఉంది. సరిపోతుందనిపించింది. కానీ ఆ 28 ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటి మాట. స్కోప్‌లో గాలి అడుగునా పక్కనా ఉన్న రంధ్రాల్లోంచి దూరి, కిక్కిరిసిన బోర్డుల మధ్య నుంచి వెనక్కి రావాలి. ఆ అడ్డుని దాటించి గాలిని లాగడానికి కావాల్సింది ఒత్తిడి. ఫ్యాన్ వేగం సగమైతే గాలి సగమవుతుంది, ఒత్తిడి మాత్రం పావుకి పడిపోతుంది. చప్పుడు 15 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, మనం మురిసిపోయేది అక్కడే.

రెండో తప్పు నా చేతిది. పాత చక్రం ఉన్న గుండ్రటి కంత కన్నా కొత్త ఫ్యాన్ చట్రం చిన్నది. చుట్టూ మిగిలిన సందులోంచి బయటికి వెళ్లిన వేడి గాలే మళ్లీ లోపలికి తిరిగొస్తోంది. వెలిగించిన అగరుబత్తి ఆ సందు దగ్గర పెడితే పొగ లోపలికి వంగడం కంటికే కనిపించింది. ఇదే పరీక్ష అడుగు రంధ్రాల దగ్గర చేస్తే, పొగ చటుక్కున లోపలికి పోవాలి. అక్కడ తేలుతూ ఉందంటే గాలి ఆడటం లేదన్నమాట.

ఇప్పుడున్నది 2400 చుట్ల బాల్ బేరింగ్ ఫ్యాన్. గాలి బయటికే పోయేలా బిగించాను (కొందరు తిరగేసి పెడతారు, దుమ్మంతా లోపలికి). చుట్టూ సందుని స్పాంజి పట్టీతో మూసేశాను. అదే గదిలో అదే ఐసీ 71 డిగ్రీలకు దిగింది, అంకెలు మళ్లీ కుదురుగా నిలబడ్డాయి. చప్పుడు? ఉంది. ఏడు రెక్కలు, నిమిషానికి 2400 చుట్లు, అంటే 280 హెర్ట్జ్ దగ్గర సన్నటి రాగం. జాలీకీ రెక్కలకీ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం పెంచితే ఆ రాగం బాగా మెత్తబడింది.

ఇంకో రెండు చిక్కులు. కొత్త ఫ్యాన్‌ని పాత వేగ నియంత్రణకే కలిపితే చలికాలం పొద్దున్నే అందే వోల్టేజీ చాలక అది అసలు తిరగకపోవచ్చు. మన ఫ్యాన్ ఎన్ని వోల్టుల దగ్గర కదులుతుందో ముందే చూసుకోవాలి, స్విచ్ వేసిన ప్రతిసారీ వెనక చేయి పెట్టి గాలి తగులుతోందో లేదో చూడాలి. రెండోది, ఫ్యాన్ మోటారు తిరిగేటప్పుడు దాని చుట్టల్లో కరెంటు మారే ప్రతిసారీ పుట్టే పల్సులు సప్లైలోకి ఎక్కి, స్కోప్‌ని 2 మిల్లీవోల్టుల సెట్టింగులో పెడితే ట్రేసు మీద ముళ్లలా కనిపించాయి. వరసలో 10 ఓమ్‌లు, ఫ్యాన్ కాళ్ల దగ్గర 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక మాయమయ్యాయి. వేగం తగ్గించడానికి పీడబ్ల్యూఎం బోర్డులు (కరెంటుని చకచకా వేస్తూ ఆపుతూ ఉండేవి) వాడితే ఇంకా ఎక్కువ ముళ్లు.

ఏసీ గదిలో రోజుకి అరగంట వాడేవాళ్లకు నెమ్మది ఫ్యాన్ కూడా నడిచిపోతుందేమో, సందు మూస్తే చాలు. నాది మేడ మీద గది, పైకప్పు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది, స్కోప్ పూటంతా వెలుగుతూనే ఉంటుంది. అసలు ఫ్యాన్ గరగరలాడకుండా తిరుగుతుంటే మాత్రం నేనైతే ఇప్పుడు దాన్ని తీయను, నూనె చుక్క వేసి ఊరుకుంటాను.