అమరిల్లోలో బిగ్ టెక్సన్: చికెన్ అని రాసుందని ఆర్డర్ ఇచ్చేయకండి

డాలస్ నుంచి శాంటా ఫేకి కారులో బయల్దేరితే టెక్సాస్‌లోని అమరిల్లో దగ్గర ఐ-40 హైవే పక్కనే పసుప్పచ్చగా ఓ పెద్ద బిల్డింగు కనిపిస్తుంది, అదే బిగ్ టెక్సన్ స్టేక్ రాంచ్. ఊరు ఇంకా ఎంతో దూరం ఉండగానే వాళ్ళ బోర్డులు మొదలవుతాయి, 72 ఔన్సుల స్టేక్ (మందంగా కోసి కాల్చిన బీఫ్ ముక్క) ఫ్రీ అని. ఫ్రీ అంటే అంత తేలిక కాదు. రెండు కిలోల పైచిలుకు మాంసం, దాంతో రొయ్యల కాక్‌టెయిల్, కాల్చిన బంగాళాదుంప, సలాడ్, బన్ను, వెన్న, అన్నీ గంటలో ఖాళీ చెయ్యాలి. డబ్బు ముందే కట్టాలి, గెలిస్తే వెనక్కిస్తారు. అందరికీ కనపడేలా స్టేజి మీద కూర్చోబెడతారు, మధ్యలో లేవకూడదు.

మేం వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు కూర్చున్నాడు. పది నిమిషాలు మంచి ఊపు మీదున్నాడు, ఆ తర్వాత దవడ కదలడమే కష్టమైంది పాపం. 2015లో మాలీ స్కైలర్ అనే తిండి పోటీల ఆవిడ ఇలాంటి భోజనాలు మూడు 20 నిమిషాల్లో లాగించేసింది, ఎలా పట్టిందో!

1960లో బాబ్ లీ అనే ఆయన రూట్ 66 అనే పాత హైవే మీద పెట్టిన హోటల్ ఇది, ఆ రోడ్డు బదులు ఐ-40 వచ్చాక 1970లో ఇక్కడికి మారింది.

ఇక తిండి సంగతి. నేను రిబ్ ఐ (పక్కటెముకల దగ్గరి ముక్క) మీడియం రేర్, అంటే లోపల ఎర్రగా ఉండేలా కాల్చమని చెప్పాను, అంచున కొవ్వు బాగా కాలి లోపల మెత్తగా వచ్చింది, ఉప్పూ మిరియాలే మసాలా. మనవాళ్ళు ప్లేట్లో ఎర్రటి నీళ్ళు చూసి రక్తం అనుకుని వెల్ డన్, అంటే లోపలిదాకా పూర్తిగా కాల్చమంటారు. అది రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీళ్ళు. వెల్ డన్ చేయిస్తే ఆ రసమంతా పోతుంది, ఆ డబ్బుకి బిర్యానీ తినడం నయం.

అసలు చెప్పాల్సింది ఇది. మా బావగారు బీఫ్ ముట్టరు. మెనూలో చికెన్ ఫ్రైడ్ స్టేక్ చూసి, హమ్మయ్య చికెన్ ఉంది అన్నారు. అందులో కోడి ముక్క ఒక్కటీ ఉండదు! బీఫ్‌నే పలచగా కొట్టి, పిండిలో ముంచి కోడి వేయించినట్టు వేయిస్తారు కాబట్టి ఆ పేరు. టెక్సాస్‌లో ఎక్కడికెళ్ళినా ఇదే తంతు, బీఫ్ తినని పెద్దవాళ్ళు వెంట ఉంటే ఆర్డర్ మీరే ఇవ్వండి.

ప్రశాంతంగా తినాలంటే మాత్రం ఇది ఆ చోటు కాదు, పిల్లలతో వెళ్ళండి. దగ్గర్లో హోటల్‌లో దిగితే ముందు భాగంలో ఎద్దు కొమ్ములు తగిలించిన లిమోజిన్ (పొడవాటి కారు) వచ్చి తీసుకెళ్తుంది, మావాళ్ళకి స్టేక్ కన్నా ఆ బండే ఎక్కువ నచ్చింది.