పచ్చళ్ల ఆర్డర్లకు ఏఐ చాట్: ఏ పని అప్పగించాలి, ఏది వద్దు

చిన్న పచ్చళ్ల దుకాణానికి ఫోన్‌లో ఉచితంగా దొరికే జెమిని, చాట్‌జీపీటీ లాంటి ఏఐ చాట్ యాప్‌లు నిజంగా అక్కరకొచ్చేది ఆర్డర్ల దగ్గరే. వాట్సాప్‌లో వచ్చిన పాతిక మెసేజ్‌లను ఒకేసారి అతికించి "పేరు, రకం, బరువు, కారం: నాలుగు గడుల పట్టిక చెయ్యి" అంటే క్షణాల్లో ఇస్తుంది. ఫోన్ నంబర్లు, చిరునామాలు మాత్రం ముందే తీసేయాలి.

తప్పులు ఎక్కువగా కొలతల్లోనే వస్తాయి. "గోంగూర ముప్పావు, ఆవకాయ కిలోన్నర" అని రాస్తే ఒక్కోసారి కిలోన్నరను కిలోగానో, అరకిలోగానో వేసేస్తుంది. అందుకే ప్రతిసారీ అతికించే మెసేజ్‌ల పైన ఈ వరుస పెట్టండి: పావు 250, అర 500, ముప్పావు 750, కిలోన్నర 1500 గ్రాములు. అర్థం కానిచోట ఊహించకుండా ప్రశ్నార్థకం పెట్టమనండి. డబ్బు లెక్క ఎక్సెల్ లాంటి షీట్‌లోనే కట్టుకోవాలి, దీని కూడికను నమ్మొద్దు.

మామూలు ప్రశ్నలకు జవాబులు రాయించి, సరిదిద్ది, వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైలుగా (సిద్ధంగా ఉంచుకునే జవాబులుగా) దాచుకోవచ్చు; స్లాష్ (/) కొడితే వచ్చేస్తాయి. తెలుగు కాస్త పుస్తకభాషలా ఉంటుంది, "మీ ఊరగాయ" అన్న చనువు మనమే చేర్చాలి.

పోస్టర్‌కు బొమ్మ వరకే చేయించండి. బొమ్మలోనే తెలుగు రాయిస్తే ఒత్తులు చెదిరిపోవచ్చు కాబట్టి అక్షరాలు విడిగా వేసుకోవాలి.

సీసా లేబుల్ మాత్రం అస్సలు ఏఐకి వదిలేయకూడదు. అడగకుండానే "ఏడాది నిల్వ" అని రాసేయొచ్చు. దినుసులు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, తయారీ తేదీ మీరే స్వయంగా రాయండి.