డల్లాస్‌లో తాళం తీయించుకోవాలంటే: 19 డాలర్ల ప్రకటనా, ప్లేనో దుకాణమా?

డల్లాస్ పరిసరాల్లో ఇంటి తాళంచెవి లోపలే ఉండిపోయి తలుపు మూసుకుపోయినప్పుడు ఫోన్‌లో వెతికితే, మొదట కనబడేవి 19 డాలర్లకో 29 డాలర్లకో వచ్చి తాళం తీస్తామనే ప్రకటనలే. అలాంటి ఒక నంబరుకు ఫోన్ చేసి, వచ్చిన మనిషిని వెనక్కి పంపి, అదే సాయంత్రం డల్లాస్ శివారు నగరమైన ప్లేనోలో ఏళ్ల తరబడి నడుస్తున్న తాళాల దుకాణం వారిచేత తలుపు తీయించుకున్నాము. ఆ దుకాణం పనితనాన్ని మనవాళ్లందరికీ గట్టిగా సిఫారసు చేస్తున్నాను.

మొదటి నంబరులో ఫోన్ ఎత్తినవారు సంస్థ పేరు చెప్పకుండా ‘లాక్‌స్మిత్’ అని మాత్రమే అన్నారు. మొత్తం ఎంత అవుతుందని అడిగితే, తలుపు చూశాక మనిషే చెబుతాడన్నారు. పేరూ బోర్డూ లేని కారులో వచ్చిన అతను తాళాన్ని చేత్తోనైనా తాకకుండా, ఇది మామూలుగా తెరుచుకునే రకం కాదని, డ్రిల్లుతో తొలిచి కొత్తది బిగించాలని, అన్నీ కలిపి 340 డాలర్లని, నగదుగా గానీ, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్ (Zelle) ద్వారా గానీ ఇవ్వాలని చెప్పాడు. లైసెన్సు నంబరు అడిగితే మాట దాటవేశాడు.

ఇక్కడ తాళం గురించి ఒక విషయం తెలుసుకోవాలి. తలుపు దానంతట అదే మూసుకుపోయినప్పుడు గడియలో పడేది స్ప్రింగు మీద కదిలే చిన్న నాలుక మాత్రమే. పైనుండే మామూలు డెడ్‌బోల్ట్, అంటే స్ప్రింగు లేని గట్టి గడియ, మాత్రం చెవితోనో లోపలి పిడితోనో తిప్పితే తప్ప పడదు. కాబట్టి అటువంటి తలుపును తెరవడానికి సాధారణంగా డ్రిల్లు అవసరమే ఉండదు. రాగానే డ్రిల్లు బయటకు తీసే మనిషికి పని రాకపోయి ఉండాలి, లేదా కొత్త తాళం అమ్మే ఉద్దేశమైనా ఉండాలి.

ప్లేనో దుకాణం వారు తలుపు ఎలా మూసుకుందో ఫోన్‌లోనే అడిగి, 95 డాలర్లవుతుందని చెప్పారు. వారి పేరు రాసి ఉన్న వ్యానులో వచ్చిన పెద్దాయన, ఆ ఇల్లు మాదేనని తెలుసుకోవడానికి డ్రైవింగ్ లైసెన్సు మీది చిరునామా చూశారు. ఆ ఒక్క జాగ్రత్తతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. ధర కాగితం మీద రాసి సంతకం తీసుకున్న తరువాతే పని మొదలుపెట్టారు. వంచిన సన్నటి ఉక్కు రేకును తాళంరంధ్రంలో అడుగున ఆనించి కొద్దిగా తిప్పిపట్టి, మరో పుల్లతో లోపలి పిన్నులను ఒక్కొక్కటిగా పైకి నెడుతూ నిమిషాల్లో తలుపు తీశారు. తాళం మీద గీత కూడా పడలేదు, పాత చెవే ఇప్పటికీ పనిచేస్తోంది. డబ్బు క్రెడిట్ కార్డుతో చెల్లించాము, రసీదు మీద లైసెన్సు నంబరు ఉంది.

టెక్సస్‌లో తాళాల పని చేసే సంస్థలకు రాష్ట్ర ప్రజాభద్రతా విభాగం, అంటే డీపీఎస్, ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. ఆ నంబరును వారి వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. మ్యాపులో కనబడినంత మాత్రాన దుకాణం నిజంగా ఉన్నట్టు కాదు. మ్యాపుల్లో వేల సంఖ్యలో నకిలీ వ్యాపారాలను చేర్చారంటూ గూగుల్ 2025 మార్చిలో దావా వేసింది. లైసెన్సు లేని తాళాల పనివారెవరో తమ పేరుతో చెలామణీ అవుతున్నారని టెక్సస్‌లోని ఒక సంస్థ ఫిర్యాదు చేయడంతోనే ఆ వ్యవహారం బయటపడింది. కొత్తగా చదువుకు వచ్చిన మన పిల్లలు రాత్రివేళ కంగారులో మొదటి నంబరుకే ఫోన్ చేస్తారు కనుక, ఈ సంగతి వారికి ముందే చెప్పి ఉంచడం చాలా అవసరం.

దుకాణంలో లోపం లేకపోలేదు. మనిషి రావడానికి గంటకు పైగా పట్టింది, రాత్రి తొమ్మిది దాటితే వారు రారు. ఆ వేళ అపార్టుమెంటులో ఉండేవారు ముందుగా అద్దె వ్యవహారాలు చూసే లీజింగ్ ఆఫీసు అత్యవసర నంబరుకు ఫోన్ చేయడం మంచిది. చాలాచోట్ల వారే కొద్దిపాటి రుసుముతో, ఒక్కోసారి ఉచితంగా, తలుపు తీస్తారు. సొంత ఇంట్లో ఉండేవారు దుకాణం తెరిచి ఉండే వేళల్లోనే ఒక చెవి అదనంగా చేయించి, దగ్గరలోని స్నేహితుల ఇంట్లో ఉంచుకోవాలి.